పదిహేడో నంబరు గిన్నె

తొమ్మిదేళ్లుగా ఒక్క మాట నా గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇవాళ కక్కేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. కానీ మధ్యలో లేవకండి, మొత్తం వినండి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక కాలేజీలో, వృక్షశాస్త్రం ల్యాబులో ఇద్దరం పరిశోధన చేసేవాళ్లం, నేనూ సబిహా. మాది గౌలిపురలో బర్రెల ఇల్లు. ఆమెది కిషన్‌బాగ్, వాళ్ల నాన్న దర్జీ. ఇద్దరి పనీ ఒక పచ్చటి నాచు మీదే. కంటికి ఆనదు. ఒంటి కణం, రెండు తోకలతో నీళ్లలో ఈదుతుంది. దానిలో ఆడా మగా తేడా కనబడదు, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. లోపలి జన్యువును బట్టి కొన్ని ప్లస్, కొన్ని మైనస్. ప్లస్సూ మైనస్సూ కలిస్తేనే రెండు కణాలు ఒకటై, చుట్టూ గట్టి గోడ కట్టుకుని చీకట్లో పడుకుంటాయి. మళ్లీ వెలుగు చూపిస్తే మొలిచి నాలుగవుతాయి. మా మైనస్ రకం మా ఇంట్లో బర్రెలు నీళ్లు తాగే తొట్టిలో దొరికింది. ప్లస్ రకం వాళ్ల గల్లీ చిత్తడిలో దొరికింది. పెళ్లికొడుకు తమ వైపని సబిహా, కాదు మా వైపని నేను, రోజూ ఇదే లొల్లి.

ఆ గోడ కట్టమని ఏ జన్యువు చెబుతుంది? సబిహా వెతుకులాట అదే. జన్యువులు చెడేలా కణాలకు అతినీలలోహిత కాంతి తగిలించి, నంబర్లు వేసి, ఒక్కో నంబరునూ జతకలిపి చూసేది. జతకలిపిన గిన్నెల్ని వాళ్ల నాన్న కొట్టులో మిగిలిన నల్లగుడ్డ ముక్కల్లో చుట్టిపెట్టేది. అయిదారు రోజులయ్యాక గిన్నెను క్లోరోఫామ్ ఆవిరి మీద బోర్లించాలి. సరిగ్గా ముప్పై లెక్కపెట్టేంతసేపే. జతకలవని కణాలు చస్తాయి, గోడ కట్టుకున్నవి బతుకుతాయి. ఎక్కువసేపు ఉంచితే అవీ చస్తాయి. పదహారు నంబర్లు చూసింది, గోడ కట్టలేనిది ఒక్కటీ దొరకలేదు.

పదిహేడో నంబరు వంతు వచ్చిన రోజు వాళ్లమ్మను దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. గిన్నె నాకు అప్పజెప్పి వెళ్లింది.

బోర్లించాను. లెక్క మొదలుపెట్టాను. ఇంతలో కింద గేటు దగ్గర సైకిల్ బెల్లు, పాల క్యాన్ల చప్పుడు. మా బాపు. మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె, దాని మీద పేడ మరకలు. వాచ్‌మన్‌ను నా పేరు పెట్టి అడుగుతున్నాడు. ప్రొఫెసరు వచ్చే వేళ. మెట్లు దిగి పరుగెత్తాను. బర్రె ఈనిందట, అందరికీ పెట్టమని జున్ను వండించి తెచ్చాడు. ఆయన్ని గోడ చాటుకు లాక్కుపోయి కసురుకున్నాను. నేను కసురుతుంటే ఆయన నవ్వుతూ దూడ ముచ్చట చెబుతూనే ఉన్నాడు. చివరికి ఎందుకు లాక్కొచ్చానో అర్థమైంది కాబోలు, టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ గేటు దాకా రాలేదు.

పైకి వచ్చేసరికి గది నిండా క్లోరోఫామ్ తీపి వాసన. గిన్నె బోర్లించినట్టే ఉంది. చప్పుడు చేయకుండా తీసి మూత పెట్టాను. పోల్చి చూడటానికి పెట్టుకున్న మామూలు రకం గిన్నెకు మాత్రం ముప్పై సరిగ్గా లెక్కపెట్టాను. అదే కొంప ముంచింది.

సాయంత్రం సబిహా వచ్చింది. ముందు జున్ను మీద పడింది.

"అరె, మీ బర్రె జున్ను మస్తుందే! అమ్మకు గూడ తీస్కపోత. ముప్పై దాక లెక్కపెట్టినవ్ గదా?"

"పెట్టిన."

"పక్కా?"

"పక్కా. ఫికర్ జేయకు."

ఎందుకు అన్నాను ఆ మాట? నిజం చెబితే ఏమయ్యేది? ఇంకో గిన్నె జతకలిపేది, ఓ వారం పోయేది. వారమే! కానీ ఎక్కడికి పోయావని అడిగేది. అడిగితే, కన్నతండ్రిని గోడ చాటున దాచడానికి పోయానని చెప్పాలి. దానికి నోరు రాలేదు.

మూడో రోజు మామూలు గిన్నె పచ్చగా మొలిచింది. పదిహేడో గిన్నెలో ఒక్కటీ మొలవలేదు. గోడ కట్టలేని రకం దొరికిందని సబిహా నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పింది. అప్పుడైనా చెప్పొద్దా నేను? ప్రొఫెసరు పెద్ద సభలో ఆ సంగతి చదివారు. తర్వాత ఎన్నిసార్లు చేసినా పదిహేడు శుభ్రంగా మొలిచింది. ఇద్దరినీ పిలిపించారు. క్లోరోఫామ్ ఎవరు పెట్టారని అడిగారు. సబిహా ధీమాగా నా వైపు చూసింది. ముప్పై లెక్కపెట్టానని మళ్లీ చెప్పాను. ఇక తప్పు ఎవరిదవుతుంది? లేనిది ఉన్నట్టు రాసిందని తేల్చి ఆమె పరిశోధన ఆపేశారు. అదే గదిలో కూర్చుని నేను డాక్టరేటు తెచ్చుకున్నాను. ఇప్పుడు పిల్లలకు జన్యుశాస్త్రం చెబుతున్నాను. సిగ్గులేని బతుకు.

పోయిన నెల కిషన్‌బాగ్‌లో వాళ్ల కొట్టుకు వెళ్లాను. ఇప్పుడు అక్కడ కుట్టేది సబిహానే. నా భుజాల కొలత తీసుకుంటూ మా బాపు ఎట్లున్నాడని అడిగింది. పదిహేడో నంబరులో తను చేసిన తప్పేమిటో ఇప్పటికీ ఆలోచిస్తుంటానని అంది. తను చేసిన తప్పట! నేను కొలతలిచ్చి వచ్చేశాను.

ఇక చాలు. ఈ పొద్దున ప్రొఫెసరు గారికొకటి, కాలేజీకొకటి, జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి పోస్టు చేశాను. ఉద్యోగం పోతే పోనీ. మూడో ఉత్తరం పోస్టులో వేయను. నేనే కిషన్‌బాగ్ తీసుకుపోతాను. క్షమించమని అడగను, ఆ మాట అడిగే ముఖం నాకు లేదు. తిట్టినా, తలుపు వేసుకున్నా నిలబడతాను. తొమ్మిదేళ్ల కింద తనొక మాట అడిగింది. దానికి జవాబు చెప్పి వస్తాను.

లేదు సబిహా. పన్నెండు దాకనే లెక్కపెట్టిన. బాపును దాచనీకి ఉరికిన.