మావయ్యకు తెలిసిన షోరూమ్

మా నాన్న పోయిన నాటి నుంచీ మా ఇంట్లో ఏ కాగితమైనా ముందు మా మేనమామ చూడాల్సిందే. నా ఉద్యోగం ఆర్డరు ఆయనే చదివాడు, పటమటలో మా అద్దె ఇంటి అగ్రిమెంటూ ఆయనే చదివాడు. కారు కొనాలనుకున్నప్పుడు కూడా ఆయనకే ఫోన్ చేశాను. మా వైపు కారు కొనేవాళ్ళు మంచి షోరూమ్ ఎక్కడుందని అడగరు, తెలిసినవాళ్ళు ఎక్కడున్నారని అడుగుతారు. తెలిసినవాళ్ళుంటే బేరమాడక్కర్లేదని, చదవక్కర్లేదని మా నమ్మకం.

నేను ఇబ్రహీంపట్నంలో తెలుగు టీచరును. పిల్లల నోటుపుస్తకంలో ఒక్క దీర్ఘం తప్పినా ఎర్రసిరాతో చుట్టేసే మనిషిని. రోజూ పటమట నుంచి స్కూటీ మీద అంత దూరం వెళ్ళొచ్చి నడుం పడిపోతే కారు మాట ఎత్తాను.

మావయ్య తీసుకెళ్ళిన షోరూమ్‌లో మేనేజరు ధర చెప్పలేదు. "నెలకి ఎంతైతే ఇబ్బంది లేకుండా కట్టగలరండీ?" అని అడిగాడు. నేనో అంకె చెప్పాను. "అంతలోనే చేసేద్దామండీ" అన్నాడు. ఎన్నేళ్ళని నేను మావయ్యను అడిగితే "ఐదేలే" అన్నాడు. లేచేముందు మేనేజరు ముహూర్తం ఎన్నింటికో కనుక్కుని రాసుకున్నాడు. మర్యాదనుకున్నాను.

డెలివరీ రోజు గంట ముందే వెళ్ళాం. కాఫీలిచ్చారు, ఫొటోలు తీశారు, కాగితాల ఊసు మాత్రం లేదు. సరిగ్గా ముహూర్తానికి పది నిమిషాల ముందు ఫైలు వచ్చింది. సగం గళ్ళు ఖాళీ.

"ఇవి నింపలేదేంటి?" అన్నాను.

"తర్వాత నింపుకుంటార్లే అమ్మలూ. టైం దాటిపోద్ది, పెట్టెయ్" అని మావయ్య వేలితో చోటు చూపిస్తూ పోయాడు. నేను సంతకాలు పెడుతూ పోయాను. నిమ్మకాయలు తొక్కించి కారు రోడ్డెక్కించాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మీ నాన్న ఉంటే మురిసిపోయేవాడన్నాడు. తర్వాత పోస్టులో వచ్చిన లోను కవరును విప్పకుండానే బీరువాలో పెట్టాను. అది నా తప్పే.

రెండేళ్ళకు నాకు ఎరియర్స్ వచ్చాయి. లోను తీర్చేద్దామని ఫైనాన్స్ ఆఫీసుకు వెళితే ఇంకా ఐదేళ్ళుందన్నాడు అక్కడి గుమాస్తా. ఉన్నదే ఐదు, అందులో రెండు కట్టేశాగా అన్నాను. కంప్యూటరు నా వైపు తిప్పాడు. లోను ఏడేళ్ళది. షోరూమ్ వాళ్ళ ఇన్సూరెన్సు, నేనడగని వారంటీ, కారుకు ఏదో పూత, అన్నీ లోనులోనే కలిపారు. వాటికీ వడ్డీ. ఆ వడ్డీ కూడా నా జీతం పడే బ్యాంకు అడిగినదానికన్నా ఎక్కువే. ముందుగా తీరిస్తే జరిమానా. నా చేతిలో డబ్బు దేనికీ చాలదు.

నా మొహం చూసి గుమాస్తా జాలిపడ్డాడు. "ఫైల్లో మీ మావయ్యగారి పేరుంది కదా, ఆయన చేత ఒక మాట చెప్పించండి మేడం. మాకు ఎక్కువ లోన్లు తెచ్చేది ఆయనే కదండీ. కమిషన్ కూడా ఏ నెలది ఆ నెల ఇచ్చేస్తాం" అన్నాడు. నాకు తెలుసనే అనుకున్నాడు పాపం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నందుకే నాకు ఏడుపొచ్చింది. ఎప్పటికీ తెలియకుండా ఏడేళ్ళూ కట్టుకుపోయినా బాగుండేదని నిజంగా అనుకున్నాను. ఆ ఆదివారమే కంకిపాడులో వాళ్ళింటికి వెళ్ళి మొహం మీదే అడిగాను. తేలుకుట్టిన దొంగలా ఉంటాడనుకుంటే, ఆయన అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు.

"ఎవడో ఒకడు తినేదే కదా అమ్మలూ. బయటోడు తినేకన్నా ఇంట్లోవాడు తింటే తప్పేంటి? నీకు కారు రాలేదా?" అన్నాడు.

అత్తయ్య నాకూ కంచం పెట్టింది. ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.

ఏడాది మాటల్లేవు. కిందటి నెల ఆయనే ఫోన్ చేశాడు. కూతురికి ఉద్యోగం వచ్చింది, కారు కొంటోందట, కాగితాలు చూడ్డానికి నేను రావాలట. మీకు తెలిసిన షోరూమ్ ఉందిగా అన్నాను. "అక్కడొద్దులే" అన్నాడు.

ఇక ఆగకుండా చెప్పుకుపోయాడు. "లోను ముందే సొంత బ్యాంకులో ఖాయం చేసుకుని వెళ్ళాలి. నెలకెంత కడతారంటే చెప్పకూడదు, మొత్తం ఎంతవుద్దో రాసిమ్మనాలి. ఇన్సూరెన్సు బయట కూడా కనుక్కోవాలి. ముహూర్తం చెప్పనే చెప్పకూడదు, కాగితాలు ముందురోజే తెప్పించుకోవాలి. ఖాళీ గడి కనపడితే గీత కొట్టెయ్యాలి." నాకు జరిగినవాటిలో ఒక్కటి కూడా మర్చిపోలేదు. ఇవన్నీ తెలిసే ఆ రోజు నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. వెళ్ళాను.

ఈసారి వేరే షోరూమ్. ఫైలంతా చదవడానికి గంటన్నర పట్టింది. వద్దన్న వారంటీని మళ్ళీ కలిపితే తీయించాను. అక్కడి మేనేజరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. మావయ్య కుర్చీలో వెనక్కి వాలి, "మా మేనకోడలండీ. ఒకసారి బాగా మోసపోయింది. ఇక దీన్నెవరూ మోసం చెయ్యలేరు" అన్నాడు గొప్పగా.

పిల్ల తలెత్తి నన్ను చూసింది. "ఎవరు మోసం చేశారు వదినా?"

ఆయన కూతురు నాన్న పక్కనే కూర్చుని అడుగుతుంటే ఏం చెప్పను? "షోరూమ్ వాళ్ళు" అన్నాను.

"అవునమ్మా," అన్నాడు మావయ్య, "వాళ్ళంతా అంతే."