మార్తమ్మ గారు మింగించిన మాత్రలు

మొన్న కావలి బజారులో మందుల అంగడి ముందు నిలబడి ఉన్నాను. నా ముందున్న మనిషి కాలి పుండు చూపించి మందు అడిగాడు. అంగడతను మాత్రల అట్ట తీసి, కత్తెరతో కరకరమని నాలుగు మాత్రలు కత్తిరించి చేతిలో పెట్టాడు. "రెండు రోజులు ఏస్కో. తగ్గితే మానెయ్" అన్నాడు. ఆ కత్తెర చప్పుడుకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మానెయ్యమని చెప్పడానికి నువ్వెవరయ్యా?" అని అరిచాను. అంగట్లో అందరూ నావైపు తిరిగారు. మా కోడలు సిగ్గుపడి నన్ను ఇవతలికి లాక్కొచ్చింది. "మనకెందుకత్తయ్యా అంత కోపం?" అని దారి పొడవునా సణిగింది. ఆ కోపం నాకు మార్తమ్మ గారి దగ్గర అబ్బింది. కోడలికి ఆమె ఎవరో తెలియదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో మా తీరంలోని ఒక మిషను ఆసుపత్రిలో ఆమె ఆడవాళ్ళ వార్డుకు పెద్ద నర్సు. నేను చదువు ముగించి కొత్తగా చేరినదాన్ని. ఆమెది పొట్టి ఆకారం, గంజి పెట్టిన తెల్లచీర, వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర మంచానికి వినిపించే గొంతు. పొద్దున్నే వార్డులో ప్రార్థన చేయించేవారు. మమ్మల్ని నిలదీసినట్టే దేవుణ్ణి కూడా నిలదీసేవారు.

అప్పటికే పెన్సిలిన్ పరువు పోయింది. సూది పట్టుకున్న ప్రతివాడూ తుమ్మితే పెన్సిలిన్, దగ్గితే పెన్సిలిన్ పొడిచి వదిలాడు. సూది వేయకపోతే వాడు వైద్యుడే కాదని జనం నమ్మకం. అందులోనూ అర సూది, పావు సూది. ఆ అరకొర మందుకు చావకుండా రాటుదేలిన క్రిములు మా వార్డుకు వచ్చేవి. వాటికి పెన్సిలిన్ ఇచ్చినా ఒకటే, నీళ్ళిచ్చినా ఒకటే. అలాంటి రోగుల కోసమే మద్రాసు నుంచి ఎరిత్రోమైసిన్ మాత్రలు తెప్పించి బీరువాలో ఉంచేవాళ్ళం. తాళంచెవి మార్తమ్మ గారి నడుముకు ఉండేది. డాక్టరు గారు చీటీ రాసినా, "ఇంకేదీ పనిచెయ్యదని తేలిందా?" అని అడిగిన తరవాతే తాళం తీసేవారు. మాత్ర మింగిన రోగి నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. అది ఆమె చట్టం. "దీని ఎనక ఇంకేం లేదు కరుణా. ఇది గూడా పాడైపోతే మనం చేతులు కట్టుకోని చూస్తా నిలబడాల" అన్నారు నాతో.

ఆ రోజుల్లోనే చెంచమ్మ అనే రోగి బోగోలు పక్క పాలెం నుంచి వచ్చింది. వల దులుపుతుంటే జెల్ల చేప ముల్లు కుడి అరచేతిలో దిగిందట. ఊళ్ళో మూడు సూదులు పొడిపించుకుని, లాభం లేక మా దగ్గరికి వచ్చేసరికి చేయి మోచేతి దాకా వాచి చీము కారుతోంది. చీము పరీక్షకు పంపితే పెన్సిలిన్ పనిచేయదని వచ్చింది. భర్త లేడు. చేపలు కోసి, ఎండబెట్టి అమ్ముకుని బతికే మనిషి. "చెయ్యి నిలబెట్టమ్మా, చాలు. కావాలంటే కాలు తీసుకో, ఏమీ అనుకోను" అంది నాతో. మార్తమ్మ గారు తాళం తీశారు. ఆరు గంటలకొక మాత్ర, పది రోజులు.

రెండు రోజులు నేను నోరు తెరిపించి చూశాను. మూడో రోజుకు జ్వరం దిగింది, వాపు తగ్గింది. "ఏందమ్మా, నేనేమన్నా చేప ఎత్తుకపోయిన పిల్లినా, నోట్లో ఎతుకుతుండావు?" అని చెంచమ్మ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, ఆమెను పట్టుకుని దొంగను చూసినట్టు చూడటమేమిటనిపించింది. ఆ పూట నుంచి మాత్ర ఆమె ఎడమ చేతిలో పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయేదాన్ని.

పక్క మంచం మీద రమణమ్మ అనే ఎనిమిదేళ్ళ పిల్ల. గంజి ఒలికి తొడ కాలి, పుండు చీము పట్టింది. రోజూ కట్టు మారుస్తుంటే ఆ పిల్ల ఏడుపు వార్డంతా వినిపించేది. మా వార్డులో ఒకరి పులుసు ఒకరు పోసుకోవడం, ఒకరి నూనె ఒకరు రాసుకోవడం మామూలే. చెంచమ్మ తనకు తగ్గిపోయిందనుకుంది. ఒక పూట మాత్ర తాను మింగి, తరవాతి పూట మాత్ర ఆ పిల్లకు వెయ్యమని, తోడుగా ఉన్న వాళ్ళ అవ్వకు ఇస్తూ వచ్చింది.

ఎనిమిదో రోజు చెంచమ్మకు జ్వరం మళ్ళీ కాసింది. ఆ రోజే మార్తమ్మ గారు అవ్వ కొంగుముడిలో రెండు మాత్రలు పట్టుకున్నారు. మళ్ళీ చీము పరీక్షకు పంపాం. ఈసారి ఎరిత్రోమైసిన్ కూడా పనిచేయదని వచ్చింది. ఇవ్వడానికి మా దగ్గర వేరే మందు లేదు. చీము ఎముకకు పాకింది, మణికట్టు దగ్గర తీసేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరు గారు. "చదువులేని మనుషులు, మనమేం చేస్తాం?" అని కూడా అన్నారు.

మార్తమ్మ గారు ఆయన్ను అక్కడే కడిగేశారు. "ఆమె ఉన్నది పంచిపెట్టింది. చూడాల్సినోళ్ళు చూళ్ళేదు. చదువుకున్నోళ్ళ తప్పు ఆమె మీద ఎయ్యబాకండి." తరవాత నా వైపు తిరిగారు. "పో. మాత్ర మింగినావా లేదా అని నేను చూళ్ళేదు, తప్పు నాది అని నీ నోటితో చెప్పు." వద్దని ఏడ్చాను. రెక్క పట్టుకుని మంచం దగ్గరికి లాక్కెళ్ళారు. ఆ లాగుడు మీద నాకు చాలా ఏళ్ళు కోపం పోలేదు.

చెప్పాను. చెంచమ్మ అంతా విని చేయి వైపు చూసుకుంది. "ఆ పిల్లకన్నా తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గింది అక్కా" అన్నాను.

"తగ్గలా" అన్నారు వెనక నుంచి మార్తమ్మ గారు. "సగం సగం మందుకు ఏ పుండూ మానదు చెంచమ్మా. క్రిములు ఇంకా గట్టిపడతాయి, అంతే. ఈ పిల్ల నీకు అబద్ధం చెప్పింది, తన మనసు చల్లబడాలని."

చెంచమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈ ముక్క ముందే చెప్పుంటే నేను ఇచ్చేదాన్నా అమ్మా?" అంది.

మార్తమ్మ గారు నాలుక ఎత్తించి చూడమన్నారే గాని, ఎందుకు మింగాలో రోగికి చెప్పమని ఆమె కూడా నాకు ఏనాడూ చెప్పలేదు. మా ముగ్గురిలో కారణం తెలియనిది చెంచమ్మ ఒక్కతే. పోయింది ఆమె చేయి.

మర్నాటి నుంచి మార్తమ్మ గారు ప్రతి మంచం దగ్గరికీ ముక్కాలిపీట ఈడ్చుకెళ్ళి కూర్చునేవారు. ఈ మాత్ర ఎందుకు, ఎన్నాళ్ళు, మధ్యలో ఆపితే ఏమవుతుంది, పక్కవాళ్ళకిస్తే ఏమవుతుంది, అన్నీ చెప్పేవారు. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాలేదు, తిడుతున్నట్టే చెప్పేవారు. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అని తిరిగి చెప్పించుకునేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనూ అలాగే చేశాను. విసుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు. నేను పదవి దిగిన రోజు సభలో ఎవరో లేచి, రోగులకు ఇంత ఓపిగ్గా వివరించే నర్సును చూడలేదని పొగిడారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఓపిక నేర్చుకోవడానికి ఒక మనిషి కుడిచేయి పోవాల్సి వచ్చిందని వాళ్ళకేం తెలుసు?