పదడుగులు కాదు, పదారు

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో పక్కసీటాయన నా చేతిలో కాగితాలు తొంగిచూశాడు. దూరాలవాళ్లతో మాట్లాడుకునే హామ్ రేడియోకి ఏరియల్ తీగ కట్టే పద్ధతి అందులో ఉంది. ఎవరైనా పెట్టగల, ఎవరైనా తీసుకోగల ఇంటర్నెట్ భాండాగారంలో నాకు దొరికింది.

“రెణ్ణెల్లుగా మిద్దెక్కి దిగతాండానప్పా, ఒక్క గొంతూ సరిగా వినపడలే. ఇది రాసినోడు యాడుండాడో!” అని పళ్లు నూరాను.

ఆయన పెన్ను తీసి తీగ పొడుగు దిద్దాడు. “పదడుగులు కాదు, పదారు. టైపులో తప్పు కొట్టేసినా.”

“మీరా!”

“ఈడే ఉండాను, తిట్టప్పా,” అని నవ్వాడు. “మా ఊర్లో నెట్ సెంటరు మూసేసినారు. దిద్దింది నువ్వే ఎక్కించు,” అంటూ వి.కోటలో దిగిపోయాడు.

ఇంటికెళ్లి పదహారడుగుల తీగ కడితే ఏరియల్ పలికింది. ఆ సంతోషంలో కొత్తగా టైపు చేసి భాండాగారంలో పెట్టాను. వారానికే కింద ఎవరో రాశారు: “పదహారు మీటర్ల తీగ మా వీధి దాటిపోయింది. ఇది సరైనదేనా?”

అడుగులని రాయడం మరిచిపోయాను.