వదిన ఒడిబియ్యం

పెళ్లయి నేను సిద్దిపేటకు కాపురానికి వచ్చేసరికే వదిన ఆ ఇంట్లో ఉంది. వదిన అంటే నా భర్తకు అక్క. ఆమె మొగుడు ఇంకొకామెతో కాపురం పెట్టి ఊరే వదిలిపోయాడు. ఎక్కడో బతికే ఉన్నాడని ఎవరో ఒకరు చెప్పి పోయేవారు. అందుకని ఆమె మెడలో పుస్తెలు, కాళ్లకు మెట్టెలు అలాగే ఉండిపోయాయి.

ఆడబిడ్డ ఉన్న ఇంట్లో ఎట్లా వేగుతానో అని మా అమ్మ బెంగపడింది. వేగింది వదినే, నాతో. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దవాఖానలో నర్సు డ్యూటీ దిగి, కోమటి చెరువు పక్క నుంచి బండి మీద ఇంటికొచ్చి చెప్పులు విసిరేస్తే, వాటిని మెల్లగా గోడవారకు జరిపి చాయ్ పెట్టేది. ఆ నిదానం చూస్తే నాకు ఇంకా మండేది. బిడ్డను కన్నది నేను, పెంచింది ఆమె. అది అత్తమ్మా అని పిలిచే వదిన కలిపితే తప్ప దానికి ముద్ద దిగేది కాదు.

నాకు బయటి దేశంలో ఆస్పత్రి ఉద్యోగం వచ్చినప్పుడు, పోతే నలుగురం పోతామనే అనుకున్నాం. అందులో అడగవలసిన సంగతి ఉంటుందని మాకు తట్టనే లేదు. రేషన్ కార్డులో నలుగురం ఉన్నాం, ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నాం. పాస్‌పోర్టులకు నలుగురం కలిసే పోయి ఫోటోలు దిగాం. వదిన బజారుకు పోయి తనకు, బిడ్డకు ఒకే రంగు స్వెట్టర్లు తెచ్చింది.

హైదరాబాదు వీసా ఆఫీసులో కాగితాలు చూసే ఆయన ఆమె పాస్‌పోర్టును పక్కకు పెట్టేశాడు. కుటుంబమంటే భార్యాభర్తలు, పిల్లలు, అక్క రాదన్నాడు. నా భర్త రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఇదిగో పేరు, అని చూపించాడు. ఆయన నవ్వలేదు, అదే నయం. ఇంటికొచ్చి సంగతి ఎట్లా చెప్పాలా అని మేము నీళ్లు నములుతుంటే ఆమెకే అర్థమైంది.

"నాకు గా చలి పడదు తియ్, పిల్లా," అంది నాతో. స్వెట్టర్ అప్పటికి దండెం మీదే ఉంది.

మా వీధిలోనే ఆమెకో గది కిరాయికి చూద్దామని తిరిగాం. ఒంటరి ఆడమనిషనగానే ఇంటివాళ్లు ఏదో ఒక సాకు చెప్పారు. ఇంకో పక్క మేమున్న కిరాయి ఇల్లు ఖాళీ చేసే పని. మంచాలు ఒకరికి, గిన్నెలు ఒకరికి ఇచ్చేస్తూ పోయాం. అప్పుడు నా భర్తకు పుట్టింది ఆ ఆలోచన. పోయేముందు అక్కకు ఒడిబియ్యం పోద్దామన్నాడు. మొగుడు వదిలిపోయినప్పటి నుంచి ఆమెకు ఆ ముచ్చట లేదు. నేనూ సంబరపడ్డాను. చీర నేనే కొన్నాను, ఆకుపచ్చది.

ఒడిబియ్యం మా వైపు ఆడపిల్లకు పుట్టింటివాళ్లు చేసే మర్యాద. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఆమె కొంగులో పోస్తారు. అందులోంచి కొన్ని గుప్పెళ్లు ఆమె పుట్టింటి బియ్యం డబ్బాలో వేస్తుంది. మిగతావి ఎక్కడా దించకుండా గడప దాటి, తన ఇంటికి తీసుకుపోయి వండి పదిమందికి పెడుతుంది. ఇవన్నీ మాకు తెలిసినవే. తెలిసీ ఒక్కటి ఆలోచించలేదు.

ఖాళీ గదిలో పీట వేసి కూర్చోబెట్టాం. తమ్ముడు పోశాడు, నేను పోశాను, వీధిలోని ముత్తైదువలు పోశారు. వదిన మొహం చాలాకాలానికి కళగా కనిపించింది. అంతా అయ్యాక, ఇక లేచి డబ్బాలో వేసి గడప దాటమన్నారు ఆడవాళ్లు. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. అక్కడ డబ్బా లేదు. ముందురోజే దాన్ని పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. అది ఉన్నచోట గుండ్రంగా మరక ఒక్కటే మిగిలింది.

ఆమె నిండిన ఒడిని రెండు చేతులతో పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్మీ, గివి ఏడికి తీస్కపోవాలె?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా భర్త గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పోయేది మేము, సాగనంపింది మాత్రం ఆమెను, ఇల్లు లేని చోటికి. మా బిడ్డ ఒక్కతే ముందుకొచ్చి గౌను అంచులు పట్టుకుని చాపింది.

"గిండ్ల పొయ్, అత్తమ్మా."

వదిన దాని గౌనులో గుప్పెళ్లు వేసింది. తర్వాత వీధి గడప దాటి, ఇంటిని చుట్టుకుని, వెనక తలుపు నుంచి మళ్లీ వంటింట్లోకే వచ్చింది. మిగిలిన ఒక్క గిన్నెలో ఆ బియ్యం వండి మాకే పెట్టింది. నేను తినలేకపోయాను.

మేము ఇక్కడికి వచ్చేశాక వదిన కుకునూరుపల్లి దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. ఉండటానికి అక్కడే ఒక గది ఇచ్చారు. గౌనులో పోసిన బియ్యం ఇక్కడ నా వంటింట్లో సీసాలో ఉన్నాయి. వండబుద్ధి కాలేదు. బిడ్డకు ఇప్పుడు చెంచాతో తినడం అలవాటైంది.

ఒడిబియ్యం పోసిన మూడో ఏడు మళ్లీ పోయాలి. చుట్టపుచూపుగానైనా పిలుద్దామని ఈ ఏడు వదినకు వీసా అడిగాం. ఇవ్వలేదు. కారణం రాశారు: తిరిగి పోవడానికి సొంత దేశంలో ఆమెకు కుటుంబం లేదు. అప్పుడు ఆమె మా కుటుంబం కాదన్నవాళ్లే.

నా భర్త ఫోనులో ఆ కాగితం చదివాడు. తెలుగులో చెప్పమంది వదిన. చెప్పాడు. అవతల ఆమె హాస్టల్ గిన్నె దించిన చప్పుడు వినపడింది.

"నిజమే రాసిన్రు గద, తమ్మీ," అంది.