ప్రార్థన అవసరత

సాతంరాయి ఊళ్లో బిక్షాన్ని చెడ్డవాడంటే కళ్లు పోతాయి. తాగడు, అబద్ధమాడడు. 2008లో ఊరి పక్కన ఎయిర్‌పోర్టు తెరిచిన నాటి నుంచీ ప్రయాణికులు ఎక్కడబడితే అక్కడ వదిలేసిన ట్రాలీలు పోగుచేసి, వరుస కట్టి తోసుకొచ్చే పని అతనిది. ఆదివారమైతే తెల్లచొక్కా వేసుకుని రేకుల చర్చిలో ముందు కూర్చునే సంఘపెద్ద. ఇంత మంచివాడు కన్నబిడ్డకు చేసిన పని పగవాడు కూడా చేయడు.

2010లో కూతురు ప్రేమలతకు పందొమ్మిదేళ్లు. లారీ డ్రైవరొకడు పెళ్లి చేసుకుంటానని నమ్మించి, ఏడాది వెంట తిప్పుకుని, సొంతూరికి పోయి ఇంకో పిల్లకు తాళి కట్టాడు. తండ్రి డ్యూటీకి పోతూ గడపలో చెప్పులు వేసుకుంటుంటే కూతురొచ్చి పక్కన కూర్చుని అంతా చెప్పుకుంది.

"నీకొక్కనికే చెప్తున్న బాపు. అమ్మకు గూడ చెప్పకు."

"చెప్ప బిడ్డా" అని తల నిమిరాడు. తల్లిని కాదని తనను నమ్మిందని లోపల్లోపల పొంగిపోయాడు కూడా.

వాళ్ల చర్చిలో పాటలయ్యాక ఎవరి కష్టం వాళ్లు మైకు ముందుకొచ్చి చెప్పుకుంటారు. దాన్ని ప్రార్థన అవసరత అంటారు. జ్వరం, ఎండిన బోరు, రాని ఉద్యోగం, అన్నీ అక్కడికే వస్తాయి. బర్రె ఈనకపోతే బిక్షం దాన్నీ చెప్పాడు. దేవుడికి చెప్పడమంటే సంఘానికి చెప్పడమే అనుకునే మనిషి. ఆ ఆదివారం కన్నీళ్లు పెట్టుకుని మైకు పట్టుకున్నాడు.

"నా బిడ్డ ప్రేమలత ఒక పిలగాని చేతుల మోసపోయింది. దాని తప్పును ప్రభువు క్షమించేటట్టు ప్రార్థన చేయున్రి."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. చర్చి లౌడ్‌స్పీకరు వీధి వైపే తిరిగి ఉంది, నల్లా దగ్గర బిందెలు పెట్టిన ఆడవాళ్లంతా విన్నారు. లోపల నలభై మంది కళ్లు మూసుకుని, పేరు పెట్టి మరీ, గొంతెత్తి ప్రార్థించారు. ఆడవాళ్ల చాప మీద ప్రేమలత చున్నీ ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. పక్కనే తల్లి శివమ్మ, ఆ సంగతి అప్పుడే విని, కూతురి వైపు చూడటానికి కూడా ధైర్యం చాలక తల దించుకుంది.

ఆ తర్వాత కూరగాయల బండి దగ్గర కూడా "నీ కోసం ప్రార్థన చేస్తున్నం బిడ్డా" అనేవాళ్లే. తిట్టినా నయమే, తిరిగి తిట్టవచ్చు. పదిహేను రోజుల్లో ఆ పిల్ల అత్తాపూర్‌లో బట్టల దుకాణంలో పని చూసుకుని హాస్టల్‌కు పోయింది. పోతూ ఒక్కటే అంది.

"నేను నీకు చెప్పిన బాపు. దేవునికి చెప్పేదుంటే నేనే చెప్పుకుందును."

శివమ్మ వెళ్లి చూసొచ్చేది. తండ్రి ఫోను చేస్తే "మంచిగున్న, తిన్న" అనేసి పెట్టేసేది.

2014లో చర్చిలో తండ్రుల కూడిక పెట్టారు. లేఖనాల్లోని నమ్మకమైన పురుషుల నుంచి తండ్రులు ఏం నేర్చుకోవాలో పెద్దలు తలా ఒకరి గురించి చెప్పాలి. బిక్షం వంతుకు యోసేపు వచ్చాడు. ఇదెంత పని అనుకున్నాడు. తయారవుతూ మత్తయి సువార్త తీస్తే వేలు ఒకచోట ఆగిపోయింది. యోసేపుకు ప్రధానం చేసిన మరియ గర్భవతి అని తెలిసింది, అది దేవుని వల్లనేనని చెప్పే దేవదూత ఇంకా రాలేదు. అయినా ఆమెను నలుగురిలో అవమానం చేయడానికి యోసేపుకు మనసొప్పలేదు, గుట్టుగానే తేల్చుకుందామనుకున్నాడు. ప్రతి క్రిస్మసుకూ చదివినదే. దేవదూత దగ్గరికి తొందరగా పోవాలని ఆ మాట మీదుగా దాటిపోయేవాడు.

కూడికలో అంతవరకు చెప్పి ఆగిపోయాడు. పాస్టరు జాలిపడ్డాడు.

"సాక్ష్యం చెప్పన్నా. నీ బిడ్డ సంగతి అందరికి ఎరుకే గద. ఆ బాధల నుంచే తండ్రులకు ఒక మాట చెప్పు."

తన తప్పు అక్కడే ఒప్పుకోవాలనిపించింది. ఒప్పుకోవాలంటే ప్రేమలత పేరు మళ్లీ అదే మైకులో పలకాలి.

"నాకు చెప్పొస్తలేదు అయ్యగారు" అని బైబిలు మూసి కూర్చున్నాడు.

ఇంత పెద్దమనిషి తయారు కాకుండా వచ్చాడేమిటని వెనక గుసగుసలు. అననీ అనుకున్నాడు. బయటికొచ్చి, ఎండలో నిలబడి కూతురికి ఫోను చేశాడు.

"బిడ్డా, ఇయ్యాల మీటింగుల నీ ముచ్చట చెప్పుమన్నరు. నేను చెప్పలే."



"చెప్పేతందుకు నీ దగ్గర ఏమున్నది బాపు? నాలుగేండ్ల సంది నేను నీకు ఏం చెప్పలే గద."