తోస్తే కదిలిన బండ

మొన్న మనవరాలు లెక్కలు చేసుకుంటూంటే పక్కన కూర్చున్నాను. రాపిడి లేని నేల మీద ఒక పెట్టెను నలభై న్యూటన్ల బలంతో తోస్తే త్వరణం రెండు వచ్చింది, పెట్టె బరువెంత అని ప్రశ్న. బలాన్ని త్వరణంతో భాగించి ద్రవ్యరాశి ఇరవై కిలోలంది, దాన్ని తొమ్మిది పాయింట్ ఎనిమిదితో హెచ్చవేసి బరువు నూట తొంభై ఆరు న్యూటన్లంది, పుస్తకం మూసేసింది. నలభైతో కదిలినదాన్ని ఎత్తడానికి అంత బలమెందుకమ్మా అంటే, ఫార్ములా అంతే తాతా అంది. మార్కులు వేసేవాళ్లకూ అంతే చాలట! ఆ పూటంతా నాకు కాలు నిలవలేదు.

పంతొమ్మిది వందల యాభైల్లో ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గనిలో మా మేనమామ మేస్త్రీ, నేను ఆయన కింద కూలీని. గని అడుగున బండను ట్రాలీకెక్కించి, పట్టాల మీద కప్పీ దాకా తోసి, అక్కడ తాడు కట్టి పైకి లాగేవాళ్లం. తూచే సాధనమేదీ లేదు. మామ ట్రాలీని భుజంతో ఒక తోపు తోసి చూసేవాడు; మొరాయిస్తే లావుపాటి మోకు, సులువుగా పోతే సన్నతాడు. ఏళ్ల తరబడి ఆ అంచనా తప్పలేదు, ఎందుకంటే తుప్పుపట్టిన చక్రాలు బరువు పెరిగినకొద్దీ మొండికేసేవి. ఒక వేసవిలో యజమాని ట్రాలీకి సులువుగా తిరిగే బేరింగు చక్రాలు వేయించాడు.

తర్వాత మంచమంత బండ ఒకటి ఎక్కించాం. మామ భుజం ఆనించాడో లేదో ట్రాలీ జారిపోయింది.

“సూడండప్పా, ఒంటిచేత్తో పోతాండాది! సన్నతాడు కట్టండి.”

“శానా పెద్దగుండాది మామా, మోకు కడదాం.”

“కొత్త పెండ్లికొడుకు మాదిరి బెదురుతాండావేమిరా అల్లుడా! నా భుజం సెప్తాండాది గదా.”

అందరూ నవ్వారు. బండ నడుమెత్తు లేచేసరికి తాడు తెగింది. పక్కనుంచి బండను సర్దుతున్న మామ కుడిపాదం దాని అంచు కింద పడింది. కడప ఆస్పత్రిలో సగం పాదం తీసేశారు. కట్టు విప్పిన ప్రతిసారీ ఆయన నన్నడిగింది ఒకటే: “నా భుజం అబద్ధం సెప్పిందేమిరా?”

ఎందుకలా అయిందని గని ఓవర్సియరునడిగితే, తాడు పాతదిలే అని దులుపుకుపోయాడు. బడి ముఖం సరిగా చూడని నేను ఒక పాత భౌతికశాస్త్రం పుస్తకం సంపాదించి, పలకరించిన ప్రతి చదువరినీ విసిగించి, కూడబలుక్కుంటూ చదివాను. తోసేటప్పుడు బండ బరువును పట్టాలు మోస్తాయి. మన భుజానికి తగిలేది చక్రాల రాపిడీ, కదలనని ద్రవ్యరాశి చేసే మొరాయింపూ మాత్రమే. నేల విడిచిన క్షణం నుంచి బరువంతా తాడుదే. ఇది మామకు చెప్పాను. “ఇంతేనా! ఒక్కడన్నా ముందే సెప్పింటే” అన్నాడు.

ఇప్పుడు గనుల్లో క్రేన్లొచ్చాయి, ఎత్తే బరువు అంకెల్లో వెలుగుతుంది, భుజంతో తోసి చూసేవాడే లేడు. మంచిదే. అయినా వేలాడే బండ కింద ఎవరైనా కనిపిస్తే ఈ వయసులోనూ బస్సు దిగి మరీ పక్కకు జరగమని అరుస్తాను. నవ్వుకుంటూ జరుగుతారు, నా వీపు తిరగ్గానే మళ్లీ అక్కడికే వస్తారు.