చుక్క తర్వాత ఇంటిపేరు

“మీ మాస్టారు లేరమ్మాయ్. రేపు క్లాసు ఉండదని పిల్లలందరికీ చెప్పు.”

మాస్టారి భార్య పిన్నిగారు అంతే చెప్పి ఫోన్ పెట్టేశారు. ఆ శనివారం పొద్దున అమెరికాలోని మా ప్లెయిన్స్‌బరో ఊరంతా మంచు. కారు అద్దం మీది మంచు గీకుతూ గీకుతూ మాస్టారు పార్కింగ్ లాట్‌లోనే కూలిపోయారట. నేను పిల్లల ఇళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. క్లాసు లేదని చెప్పగలిగాను గాని, ఎందుకు లేదో అడిగేలోపే ఫోన్ పెట్టేశాను.

నిజానికి ఆయన ఉద్యోగం మందుల కంపెనీలో కెమిస్టు. మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఆదివారం ఆదివారం తెలుగు చెప్పడం వల్ల ఊరందరికీ మాస్టారయ్యారు. హాజరు పిలిస్తే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. స్కూల్లో తిరగేసి పిలిపించుకునే పిల్లలు, తమను కాదనుకుని దిక్కులు చూసేవారు. “ముందు ఏ ఇంటివాళ్లో చెప్పాలి, ఆ తర్వాత మనమెవరో చెప్పాలి” అనేవారు మాస్టారు. “బట్ అంకుల్, మాకు ఇల్లు లేదు, అపార్ట్‌మెంటే ఉంది” అంది ఒక పిల్ల. కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సినంతగా నవ్వారు.

ఆ పిల్లల కోసమే ఆయన కంప్యూటర్ కొన్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో పాఠం తయారు చేసి ప్రింట్ తీసి ఇవ్వాలని ఆశ. నేను ప్రోగ్రామర్‌ని, పైగా ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, ఇంకేం కావాలి? సందేహం రావడం ఆలస్యం, తలుపు కొట్టేవారు. ఫైళ్ల పేర్లు వరసగా తెర మీదకు వచ్చిన మొదటి రోజు ఆయన మొహం చూడాలి.

“చూశావా అమ్మా, వీడూ అమెరికా వాడే! పేరు ముందు, ఇంటిపేరు వెనక.”

“అది ఇంటిపేరు కాదు మాస్టారూ. చుక్క తర్వాత వచ్చే ఆ మూడక్షరాల్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. ఆ ఫైల్ ఏ ప్రోగ్రామ్‌లో పుట్టిందో చెప్పే గుర్తు.”

“ఎక్కడ పుట్టామో చెప్పేదాన్నే కదమ్మా ఇంటిపేరు అంటారు?”

ఆ రోజు నుంచి పాఠం రాయడం, ప్రోగ్రామ్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ పీకేయడం, అక్కడ ఆ పిల్లవాడి ఇంటిపేరులో మొదటి మూడక్షరాలు అంటించడం. ఆఫీసులో ఎవరు ఏ కొత్త ప్రోగ్రామ్ ఫ్లాపీ ఇచ్చినా ఇంటికి తెచ్చుకుని వాడేవారు కూడాను. “రేపు ఏ ఫైల్ దేంతో తెరవాలో ఎలా తెలుస్తుంది మాస్టారూ?” అని పోట్లాడేదాన్ని. “నాకు గుర్తుంటుందిలే” అనేవారు. గుర్తుండేది కూడా. ఆయనకు మాత్రమే గుర్తుండేది.

కర్మకాండ అయ్యాక పిన్నిగారు ఒక చెప్పుల డబ్బా నిండా ఫ్లాపీలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

“నాకోసం ఏదో రాస్తున్నానన్నారమ్మాయ్. తెలుగులోనే. ఎవరో స్టూడెంట్ తెలుగు అక్షరాలొచ్చే ప్రోగ్రామ్ ఇచ్చాడట. పూర్తయ్యాక ప్రింట్ తీసి ఇస్తా, తొందరపడకు అన్నారు. నేనూ తొందరపడలేదు. నీకు తెరవడం వచ్చుగా?”

వచ్చనే అన్నాను. అప్పటికి అలాగే అనుకున్నాను.

పిల్లల పాఠాలు చాలావరకు తెరుచుకున్నాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. పిన్నిగారి పేరుతో ఉన్నది ఒకే ఫైల్. దాని ఎక్స్‌టెన్షన్ చూసి ఆశ్చర్యపోయాను. అది మాస్టారి ఇంటిపేరు కాదు, క్లాసులో ఏ పిల్లవాడిదీ కాదు. హమ్మయ్య, ఈ ఒక్కదానికీ ప్రోగ్రామ్ ఇచ్చిన గుర్తు అలాగే వదిలేశారు, ఆ గుర్తు ఏ ప్రోగ్రామ్‌దో తెలిస్తే చాలు అనుకున్నాను.

ఆ ఆశతో ఎక్కే గడప దిగే గడప. ఆఫీసులో అందర్నీ అడిగాను, మాన్యువల్స్ తిరగేశాను. ఆ మూడక్షరాల ప్రోగ్రామ్ పేరు ఎవరూ వినలేదు. మాస్టారి డైరీలో దొరికిన ఆ స్టూడెంట్ నంబర్‌కి ఫోన్ చేస్తే అది పనిచేయడం లేదు. యూనివర్సిటీ వాళ్లు చదువైపోయి వెళ్లిపోయాడన్నారు, ఎక్కడికో వాళ్లకూ తెలియదు. అతనిచ్చిన ఫ్లాపీ ఆ డబ్బాలో లేదు, ఇల్లంతా వెతికినా దొరకలేదు. నా దగ్గరున్న ప్రతి ప్రోగ్రామ్‌తోనూ ఆ ఫైల్ తెరిచి చూశాను. ఒకటి ఖాళీ పేజీ చూపించింది, ఒకటి మెషీన్‌నే కదలకుండా ఆపేసింది. ఈ పని చేసే జీతం తీసుకుంటున్నాను, పెద్దావిడ అడిగిన ఒక్క ఫైల్ తెరవలేకపోయానని ఏడుపొచ్చింది.

పోయిన ఆదివారం వెళ్లి ఉన్న మాట చెప్పాను.

“ఎలా ఉందో అలాగే ఒకసారి చూపించు” అన్నారు పిన్నిగారు.

మాస్టారి కంప్యూటర్‌లోనే ఫ్లాపీ పెట్టి, ఫైల్‌ను ఉన్నదున్నట్టు తెర మీద పోయించాను. నవ్వు మొహాలు, పేకముక్కల మీది ఆటీన్లు, సంగీతం గుర్తులు, మధ్యమధ్య కీచుమని బీప్. కాస్త పోయి, సగంలోనే ఆగిపోయింది.

“ఇవేంటి, నవ్వుతున్నాయి?”

“అవి అక్షరాలేనండీ. మెషీన్‌కి చదవడం రాక అలా చూపిస్తోంది. ఈ ఎక్స్‌టెన్షన్ ఏమిటో తెలిస్తే దారి దొరికేది” అంటూ ఫైల్ పేరు చూపించాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తెర దగ్గరగా వంగి, ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కున్నారు. మళ్లీ చదివారు.

“ఇది మా పుట్టింటి పేరమ్మాయ్.”

అంటే అది ప్రోగ్రామ్ గుర్తు కానే కాదు, ఉన్న ఒక్క ఆధారమూ పోయింది.

“పెళ్లిపీటల మీద వదిలేసిన పేరు. ఆ తర్వాత నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఈయనకి గుర్తుందన్నమాట.” నావైపు తిరిగారు. “అయితే ఇంక తెరుచుకోదా?”

“నాకు చేతకావడం లేదు పిన్నిగారూ.”

“సరేలే. వెంటనే ఆపేయకు.”

కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. చీర చెంగుతో తెర మీది దుమ్ము తుడిచారు. నేను తలుపు దగ్గరకేసి వచ్చేటప్పటికి కూడా అలాగే చూస్తున్నారు. నల్లటి తెర మీద ఆవిడ పేరు, పక్కన ఆ మూడక్షరాలు, కింద వెలిగి ఆరుతున్న చిన్న గీత.